కాలేయ క్షయ: మొదటి మాత్రకు ముందు

కాలేయానికి క్షయ సోకిన మనిషికి జబ్బు పేరు తెలిసేసరికి మూడు నాలుగు రకాల యాంటీబయాటిక్‌లు ఒంట్లోకి వెళ్లిపోయి ఉంటాయి. జబ్బు అరుదైనది, అందుకే ఆలస్యమైందని అందరం సరిపెట్టుకుంటాం. అందులో కొంత నిజం ఉంది. కానీ దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ చుట్టుపక్కల ఇలాంటి రోగులు తెచ్చే ఫైళ్లను మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా చదివాక నాకు కుదిరిన అభిప్రాయం వేరు. జబ్బు అరుదు కావడం కన్నా, అనుమానం కలగకముందే మనం రాసే మందులే ఈ ఆలస్యానికి ఎక్కువ కారణం. క్షయ క్రిమిని సగం అణచి సగం బతకనిచ్చే యాంటీబయాటిక్ ఒక్క మాత్ర కూడా పడకముందే కాలేయం నుంచి కాస్త కణజాలమో చీమో తీసి పరీక్షకు పంపాలి. క్షయ అని తేలాక నాలుగు మందులతో, పూర్తికాలం, క్షయకు చేయాల్సిన వైద్యమే చేయాలి. నేను వాదించదలచుకున్నది ఇదే.

ఆ ఫైళ్లలో కనబడే వరస దాదాపు ఒక్కటే. సాయంత్రానికి వచ్చే జ్వరం, రాత్రిళ్లు చెమటలు, అన్నం సయించకపోవడం, కుడి డొక్కలో బరువు. మొదటి వారం మందుల షాపులో ఇచ్చిన పారాసెటమాల్‌తో గడిచిపోతుంది. రెండో వారం వైడాల్ పరీక్ష, ‘టైఫాయిడ్ ఉంది’ అన్న మాట, సెఫిక్సిమ్, ఓఫ్లాక్సాసిన్ కలిపిన మాత్రలు. ఒక్కసారి చేసిన వైడాల్‌లో అంకె కాస్త పెరిగినంత మాత్రాన టైఫాయిడ్ అనడానికి లేదు. మన ప్రాంతంలో ఆరోగ్యంగా ఉన్నవారి రక్తంలోనూ ఆ అంకె కనబడుతుంది. రక్తాన్ని కల్చర్‌కు పంపితే తేలే సంగతి అది, కానీ మాత్రలు మొదలయ్యాక ఆ దారీ ఇరుకవుతుంది. మూడో వారం అల్ట్రాసౌండ్‌లో ఒకటో రెండో గడ్డలు, ‘లివర్ యాబ్సెస్’ అన్న రిపోర్టు, మెట్రోనిడాజోల్‌తో పాటు లీవోఫ్లాక్సాసిన్, కొన్నిచోట్ల అమికాసిన్ ఇంజక్షన్లు. నాలుగు రోజులు జ్వరం తగ్గుతుంది. ఇంటికి వెళ్లాక మళ్లీ వస్తుంది. ఈలోగా మనిషి చిక్కిపోయి, సీటీ స్కాన్‌లో అవే గడ్డలు క్యాన్సర్‌లా కనబడి ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు.

దీనికి ఏ ఒక్క వైద్యుణ్నీ తప్పుపట్టలేం. ఎల్బీనగర్ అంటే నల్లగొండ, సూర్యాపేట, దేవరకొండ వైపు నుంచి బస్సెక్కినవారికి నగరంలో మొదటి మజిలీ. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో కోచింగ్‌కు వచ్చిన పిల్లలు ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుంటారు. ఇద్దరికీ స్థిరమైన డాక్టరు ఉండడు. ఊళ్లో ఒకరు, కొత్తపేటలో ఒకరు, స్కాన్ రాసినవారు మరొకరు. ఒక్కొక్కరూ జబ్బులో ఒక్కో వారాన్నే చూస్తారు. పైగా కాలేయంలో గడ్డ అనగానే అమీబా గుర్తుకు రావడం సహజం. కల్లు, సారా అలవాటున్న మగవారిలో, కలుషిత నీళ్లు తాగే చోట్ల అమీబా గడ్డ క్షయ గడ్డ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ముందుగా దాన్ని అనుమానించడం సరైనదే. పొరపాటు అనుమానంలో లేదు, దానితో కలిపి రాసే రెండో మందులో ఉంది.

మెట్రోనిడాజోల్ క్షయ క్రిమి జోలికి పోదు. అమీబా గడ్డ ఉన్నవారికి ఆ ఒక్క మందే ఇస్తే సాధారణంగా మూడు నుంచి ఐదు రోజుల్లో జ్వరం, నొప్పి దిగిపోతాయి. దిగకపోతే మనం అనుకున్నది కాదన్న కబురు వారం లోపలే అందుతుంది. అదే మెట్రోనిడాజోల్‌కు లీవోఫ్లాక్సాసిన్‌నో అమికాసిన్‌నో జోడిస్తే ఆ కబురు అందదు, ఎందుకంటే ఆ రెండూ క్షయ క్రిమి మీద పనిచేసే మందులే. జ్వరం తగ్గితే అమీబా చచ్చిందా, క్షయ తాత్కాలికంగా లొంగిందా అన్నది ఎవరూ చెప్పలేరు. ఊపిరితిత్తుల క్షయలో ఈ సంగతిని లెక్కగట్టి చూశారు: రోగ నిర్ధారణకు ముందు లీవోఫ్లాక్సాసిన్ వంటి ఫ్లోరోక్వినొలోన్ మందులు వాడినవారిలో అసలు వైద్యం మొదలవడం సగటున రెండు వారాలకు పైగా ఆలస్యమైంది, ఆ మందులకు లొంగని క్రిములు పుట్టే అవకాశమూ పెరిగింది. లీవోఫ్లాక్సాసిన్, మాక్సీఫ్లాక్సాసిన్ మొండి క్షయకు చేసే వైద్యంలో ప్రధానమైన మందులు. వాటిని విరేచనాలకూ గొంతునొప్పికీ ఖర్చు చేసుకుంటూ పోతున్నాం.

కాలేయంలో క్షయ అంటే ఏమిటో కొంచెం చెప్పుకోవాలి. ఎక్కువమందిలో అది ఒంటినిండా వ్యాపించిన క్షయలో ఒక భాగం. రక్తంలో కొట్టుకొచ్చిన క్రిములు కాలేయమంతటా ఆవగింజంత మచ్చలుగా స్థిరపడతాయి. కాలేయంలో మాత్రమే గడ్డగానో చీముగానో కనబడే రూపం అరుదు, పైత్యనాళాలను పట్టి కామెర్లు తెచ్చేది ఇంకా అరుదు. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉండడం దీన్ని కొట్టిపారేయడానికి చాలదు, చాలామందిలో అది మామూలుగానే ఉంటుంది. రక్తపరీక్షల్లో నేను మొదట చూసేది ఆల్కలైన్ ఫాస్ఫటేజ్. ఎస్‌జీపీటీ మామూలుగానో కొద్దిగా ఎక్కువగానో ఉండి, ఫాస్ఫటేజ్ మాత్రం రెట్టింపో మూడింతలో ఉండడం, ఆల్బుమిన్ తగ్గి గ్లోబ్యులిన్ పెరగడం, నెలకు పైబడిన జ్వరం, బరువు తగ్గడం: ఇవన్నీ ఒకచోట చేరితే ఆగి ఆలోచించాలి. మధుమేహం ఉంటే మరింతగా ఆలోచించాలి, ఎందుకంటే అది క్షయ ముప్పును రెండు మూడు రెట్లు పెంచుతుంది, మన నగరంలో మధుమేహానికి కొదవ లేదు. హెచ్ఐవీ పరీక్ష తప్పనిసరి. ఇవేవీ రుజువు కావు. క్యాన్సర్ కూడా ఇదే చిత్రాన్ని చూపగలదు.

రుజువు కణజాలంలోనే ఉంటుంది, దాన్ని ఎలా తీస్తామన్నదాని కన్నా ఏ సీసాలో వేస్తామన్నది ముఖ్యం. అల్ట్రాసౌండ్ చూస్తూ సన్నని సూదితో తీసిన ముక్కను అలవాటు కొద్దీ మొత్తం ఫార్మలిన్‌లో వేసి పాథాలజీకి పంపేస్తారు. ఫార్మలిన్ క్రిమిని చంపేస్తుంది, ఇక కల్చర్ అసాధ్యం, జన్యు పరీక్షకూ పట్టు తగ్గుతుంది. ముక్కను రెండుగా చేసి ఒకటి ఫార్మలిన్‌లో, రెండోది మామూలు సెలైన్‌లో వేయాలి. పైసా ఖర్చు లేని ఈ పని వల్ల తేలే విషయాలు మరే స్కాన్ వల్లా తేలవు. సూక్ష్మదర్శినిలో క్రిములు కనబడాలంటే మిల్లీలీటరుకు ఐదు నుంచి పది వేల దాకా ఉండాలి. కాలేయంలో అన్ని ఉండవు. సీబీనాట్ అనే జన్యు పరీక్షకు వందల్లో ఉన్నా చాలు, రెండు గంటల్లో క్రిమి ఉందో లేదో, రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఆమోదించిన ఆ పరీక్ష, తర్వాత గోవాలో తయారై 2020లో ఆమోదం పొందిన ట్రూనాట్, రెండూ ఈరోజు మనకు అందుబాటులో ఉన్నాయి. కల్చర్‌కు ఆరు వారాల దాకా పట్టవచ్చు, అయినా పంపాల్సిందే.

‘సూది గుచ్చితే గడ్డ పాకుతుందట కదా సార్’ అని ఇంటివాళ్లు అడుగుతారు. ఈ భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. రక్తం గడ్డకట్టే పరీక్షలు సరిగ్గా ఉండాలి, గొర్రెల మందలున్న ప్రాంతాలవారిలో హైడాటిడ్ తిత్తి కాదని ముందే చూసుకోవాలి, సిర్రోసిస్ ఉన్న కాలేయంలో స్కాన్ స్పష్టంగా కాలేయ క్యాన్సర్ లక్షణాలు చూపితే సూది అవసరమే ఉండకపోవచ్చు. ఇవి చూసుకున్నాక పెద్ద రక్తస్రావం జరిగే అవకాశం నూటికి ఒకటి కన్నా తక్కువ. పేరు తెలియని గడ్డకు నెలల తరబడి మందులు మింగడంలో ఉన్న ప్రమాదం దీనికన్నా ఎక్కువ. సూది తప్పించుకోవడానికి కొందరు ‘టీబీ గోల్డ్’ రక్తపరీక్ష రాస్తారు. క్షయ క్రిమి ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని మాత్రమే అది చెబుతుంది, మన దేశంలో అలాంటివారు కోట్లలో ఉన్నారు. యాంటీబాడీలు చూసే క్షయ రక్తపరీక్షలనైతే కేంద్ర ప్రభుత్వం 2012లోనే నిషేధించింది.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఒకటుంది. ‘బయాప్సీ చేసినా సగంమందిలో క్రిమి దొరకదు, క్షయ మందులు చవక, వాడి చూద్దాం, తగ్గితే క్షయే’ అంటారు అనుభవజ్ఞులైన మిత్రులు. క్రిమి చాలాసార్లు దొరకదన్నది నిజం. కానీ దొరకనప్పుడు కూడా పాథాలజిస్టు చూసే కేసియస్ గ్రాన్యులోమా చాలా విషయం చెబుతుంది, లింఫోమానో క్యాన్సరో అయితే అది అక్కడే బయటపడుతుంది. పైగా తగ్గితే క్షయే అన్న వాదనలో లోపం ఉంది. రిఫాంపిసిన్ క్షయ మందు మాత్రమే కాదు, స్టెఫిలోకాకస్ మీదా, పశువుల దగ్గర పనిచేసేవారికి వచ్చే బ్రూసెల్లా మీదా పనిచేస్తుంది. బ్రూసెల్లా కూడా కాలేయంలో గ్రాన్యులోమాలే పుట్టిస్తుంది. తగ్గకపోతే పరిస్థితి మరీ కష్టం: అది క్షయ కాదా, మందుకు లొంగని క్షయా అన్నది రెండు నెలల తర్వాత చెప్పడానికి చేతిలో ఏమీ ఉండదు. దీనికి మినహాయింపులు ఉన్నాయి, వాటిని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. ఊపిరితిత్తుల్లో మిలియరీ మచ్చలు స్పష్టంగా ఉన్నవారు, మెదడు పొరలకు పాకినవారు, హెచ్ఐవీతో మంచం పట్టినవారు ఫలితం కోసం ఎదురుచూడకూడదు. నమూనా తీసిన రోజే మందు మొదలుపెట్టాలి.

రక్తపోటు పడిపోయి, చలిజ్వరంతో వణుకుతున్న మనిషి ముందు కూర్చుని కల్చర్ అంటే ఎలా అని అడగవచ్చు. ఆగమని నేను అనడం లేదు. రక్తం, చీము తీసిన మరుక్షణం సెఫ్ట్రియాక్సోన్‌నో పిపెరాసిలిన్–టాజోబాక్టమ్‌నో మెట్రోనిడాజోల్‌తో కలిపి మొదలుపెట్టవచ్చు. మామూలు చీముగడ్డకు ఇవి గట్టి మందులు, క్షయ మీద మాత్రం చెప్పుకోదగ్గ ప్రభావం చూపవు. ఫ్లోరోక్వినొలోన్, అమికాసిన్, లైనెజోలిడ్‌లను తప్పనిసరైతేనే తీయాలి.

ఇక వైద్యం. మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. తర్వాత నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మిగతా మూడు. బరువును బట్టి రోజూ వేసుకోవాలి. కడుపులోని క్షయకు ఆరు నెలలు చాలునని 2016లో వెలువడిన జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. కాలేయానికే జబ్బు చేస్తే కాలేయాన్ని దెబ్బతీసే మందులు ఎలా ఇస్తారన్న ప్రశ్న న్యాయమైనదే. మొదటి మూడు మందులూ ఆ పని చేయగలవు, అధ్యయనాన్ని బట్టి నూటికి 2 నుంచి 28 మందిలో చేశాయి కూడా. అయితే క్షయ వల్లే పెరిగిన కాలేయ ఎంజైములు క్షయ మందుతోనే దిగుతాయి, కాలేయం దెబ్బతింటుందన్న భయంతో రెండు మందులతో సరిపెట్టడం మొండి క్షయకు దారి. మొదలుపెట్టకముందు ఎంజైములు చూసుకుని, మొదటి నెలల్లో రెండు వారాలకోసారి మళ్లీ చూసుకోవాలి. వాంతులో కామెర్లో ఉండి అవి మామూలు గరిష్ఠ స్థాయికి మూడు రెట్లు దాటినా, ఏ లక్షణమూ లేకుండా ఐదు రెట్లు దాటినా ఆ మూడు మందులూ ఆపి, దిగాక ఒక్కొక్కటిగా తిరిగి మొదలుపెట్టాలి. అవి ఆపిన ఆ విరామంలో కాలేయానికి హాని చేయని మందులతో నెట్టుకురావాలి. అందులో ఇథాంబుటాల్ ఒకటి. యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలు నడిపిన లెడర్లీ ప్రయోగశాలలోనే, ఆయన కన్నుమూసిన తర్వాత, 1961లో అది వెలుగుచూసిందని తలచుకుంటే తెలుగువాడిగా నాకు సంతోషం కలుగుతుంది. రెండోది లీవోఫ్లాక్సాసిన్. జ్వరం మొదటి నెలలో అనవసరంగా రాసిన మందే, కాలేయం మొరాయించిన రోజున మనకు పనికొచ్చే మందు. కళ్లు పచ్చబడితే కామెర్ల పసరుకు పరుగెత్తవద్దని, మందులు ఆపి వెంటనే రమ్మని మొదటి రోజే చెప్పాలి. ఈ ఆరు నెలలు కల్లు, మద్యం ముట్టకూడదు.

ఇదంతా పెద్ద ఆసుపత్రులకే సాధ్యమన్న మాటను నేను ఒప్పుకోను. ఎల్బీనగర్ వరకు 2018 సెప్టెంబరులో వచ్చిన మెట్రో రెడ్ లైన్ మీదే ఉస్మానియా మెడికల్ కాలేజీ, పంజాగుట్టలో నిమ్స్, ఎర్రగడ్డలో ఛాతీ ఆసుపత్రి ఉన్నాయి. ప్రైవేటు రోగి నమూనాకు కూడా ప్రభుత్వ కార్యక్రమం కింద సీబీనాట్ ఉచితం, మందులూ ఉచితం. క్షయ రోగుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో పేరు నమోదు చేయడం 2012 నుంచి వైద్యుడి చట్టబద్ధ బాధ్యత. అలా నమోదైన రోగికి పోషణ కోసం నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1000 చేశారు. హాస్టల్ పిల్లవాడు చదువు మాని ఊరెళ్లిపోనక్కర్లేదు. శానిటోరియంలో ఉన్నా ఇంట్లో ఉన్నా మందులు క్రమంగా వేసుకుంటే ఫలితం ఒక్కటేనని మద్రాసు పరిశోధన కేంద్రం 1959లోనే రుజువు చేసింది. ఊపిరితిత్తుల్లో, గొంతులో క్షయ లేదని చూసుకుంటే చాలు, కాలేయ క్షయ పక్క మంచం మీది పిల్లవాడికి అంటుకోదు. ఆ మాట వార్డెన్‌కు కాగితం మీద రాసివ్వాలి, లేకపోతే ఆ రాత్రికే గది ఖాళీ చేయిస్తారు.

వైద్యం మొదలైన కొన్ని వారాల్లో గడ్డ కాస్త పెద్దదవడం, జ్వరం మళ్లీ తొంగిచూడడం కొందరిలో జరుగుతుంది. చచ్చిన క్రిముల మీద ఒళ్లు చూపే ప్రతిస్పందన అది. మొదట్లో తీసిన నమూనా రిఫాంపిసిన్‌కు లొంగే క్రిమినే చూపి ఉంటే, మరో యాంటీబయాటిక్ జోడించకుండా ధైర్యంగా అదే మందు కొనసాగించవచ్చు. ఆరు నెలల తర్వాత స్కాన్‌లో చిన్న మచ్చో సున్నపు చుక్కో మిగలవచ్చు. ఆకలి, బరువు తిరిగొచ్చి, జ్వరం లేక, ఫాస్ఫటేజ్ మామూలు స్థాయికి చేరితే ఆ మచ్చ కోసం మందులు పొడిగించనక్కర్లేదు. మూడు నెలలకోసారి వచ్చి బరువు చూపించుకుని వెళ్తే చాలు.