పండగొచ్చిందని చెప్పే షెల్ఫ్

టోక్యోలో పండగ దగ్గరపడిందని నాకు క్యాలెండర్ చెప్పదు, ఆఫీస్ కింద ఉన్న కన్వీనియెన్స్ స్టోర్ చెబుతుంది. ఇక్కడ దాన్ని 'కొన్‌బిని' అంటారు.

డిసెంబర్‌లో స్ట్రాబెర్రీ క్రీమ్ కేకులు, ఫ్రైడ్ చికెన్. క్రిస్మస్‌కి ఇక్కడ సెలవుండదు, కేకు మాత్రం ఉండాల్సిందే! ఆ వెంటనే 31 రాత్రి తినే 'తోషికోషి సోబా' వచ్చేస్తుంది. సన్నగా, పొడవుగా ఉండే ఆ నూడుల్స్ తింటే ఆయుష్షు పెరుగుతుందని నమ్మకం. వసంతంలో చెర్రీ ఆకు చుట్టిన 'సకురా మోచి'.

వీటిలో నాకిష్టం ఫిబ్రవరి మొదట్లో, సెత్సుబున్ రోజు తినే 'ఎహోమాకి'. చేతిలో పట్టేంత లావు సుషీ రోల్. ఆ ఏడాది అదృష్ట దిక్కుకి తిరిగి, మాట్లాడకుండా మొత్తం తినేయాలి. రోజంతా మీటింగుల్లో మాట్లాడేవాడికి అంతకన్నా వరం ఏముంటుంది?

ఒకప్పుడు ఇది ఒసాకా వైపు ఆచారం. 1989లో సెవెన్ ఎలెవన్ హిరోషిమాలో అమ్మింది. 1998కల్లా దేశమంతా పాకింది.

కానీ పండగ ఒక్కరోజే. గడువు దాటిన రోల్‌ని బిల్లింగ్ మెషీన్ తీసుకోదు. ఓ అర్ధరాత్రి, పార్ట్‌టైమ్ చేసే నేపాలీ కుర్రాడు వాటిని బుట్టలోకి తీసేయడం చూశా. అన్నం పారేస్తే అమ్మ ఊరుకోదు. నాకు గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టయింది. 2019లో ప్రభుత్వమే గిరాకీకి తగ్గట్టు చేయమని షాపులకి చెప్పింది. ఇప్పుడు ముందస్తు బుకింగులు కూడా తీసుకుంటున్నారు.

నేనూ ఇప్పుడు ముందే చెప్పి ఒకటే తీసుకుంటున్నా. నాకోసం చేసిందే తింటున్నా.