పాలగడ్డ

సిగ్గుచేత మనలో మనమైనను చెప్పుకొనని బాధ యిది. మా రెండవ కాన్పున, నెల నిండక మునుపే, యెడమరొమ్ము రాయివలె బిగిసి యెఱ్ఱవాఱి, రాత్రికి చలిజ్వరము వచ్చెను. బిడ్డ నోరు పెట్టినంతనే కన్నుల నీరు దిరిగెడిది. పొరుగింటి ముత్తైదువ యొకరు జాలిగొని మల్లెపూలు కట్టుమనిరి. అవి పాలను ఇంకించునని, బిడ్డను పోగొట్టుకొన్న తల్లులకు గట్టుదురని మా యత్తగా రెఱుంగుదురు; పూలపొట్లమును మాటాడక దేవునిగదికి బంపివేసిరి.

మఱునాడు వైద్యురాలు చూచి, పాలు నిలిచి వాచినదనియు, ఆ వైపున పాలిచ్చుట మానరాదనియు, ఆ పాలు బిడ్డకు చెఱుపు చేయవనియు జెప్పిరి. చనుమొన మాత్రమే గాక చుట్టునున్న నల్లని వలయమును బిడ్డ నోటి కందవలెనట! ఇన్నాళ్లును మేము వంగి రొమ్మును బిడ్డ కందించుచుంటిమి. బిడ్డనే రొమ్మునొద్దకు దీసికొనవలెనని తెలియదయ్యె. కావ్యములు చదివితిమి గాని, యే కవియు నీ సంగతి వ్రాయడు. పాలిచ్చిన పిదప చల్లని తడిగుడ్డ వేయుమనిరి, గట్టిగా పిసుకవలదనిరి. జ్వరమునకు పారసిటమాల్ మాత్ర యిచ్చి, 24 గంటలలో దిగకున్న మందు మార్చవలెను, వెంటనే రమ్మనిరి.

ఆ సాయంకాలమే జ్వరము దిగెను. మూడవనాటి రాత్రి బిడ్డ యెడమవైపుననే కడుపార త్రాగి, నోరు విడువకయే నిద్రించెను.