మేళగాళ్లకీ పేర్లుంటాయి

తెల్లారుజామున నాయుడుపేటలో మా బంధువుల పెళ్లి. తలంబ్రాలు అయిపోగానే జనమంతా టిఫిన్ల వైపు పోయినారు.
సన్నాయి ఆయన, డోలు ఆయన మాత్రం ఖాళీ కుర్చీల ముందు వాయిస్తానే ఉండారు.
నాకు కాళ్లు కదల్లేదు.

వాళ్లను చూస్తుంటే జాజ్ కచేరీలు గుర్తొచ్చినాయి. వాటిల్లో ఒక మంచి ఆచారం ఉంది. వాయించిన వాళ్లను పేరుపేరునా పిలిచి చూపిస్తారు. ఒక్కో పేరుకీ చప్పట్లు.

జాజ్‌నీ మన సంగీతాన్నీ కలిపి వాయించిన రిమెంబర్ శక్తి బృందాన్నే చూడండి.
గిటార్ జాన్ మెక్‌లాఫ్లిన్, ఇంగ్లండు.
తబలా జాకీర్ హుస్సేన్, ముంబై.
కంజీర సెల్వగణేశ్, చెన్నై. ఘటం విద్వాంసుడు విక్కు వినాయకరామ్ కొడుకు.
మాండలిన్ యు. శ్రీనివాస్. మన పాలకొల్లు!

శ్రీనివాస్ 1969లో పుట్టి, 2014లో 45 ఏళ్లకే వెళ్లిపోయినాడు. వాళ్ల నాన్న సత్యనారాయణ గారు క్లారినెట్ వాయించేవారు. ఆ ఇంటి పిల్లాడి పేరు ప్రపంచమంతా పలికింది.

మరి మన పెళ్లిళ్లలో? శుభలేఖలో బంధువుల పేర్లన్నీ ఉంటాయి. తాళి కట్టే క్షణాన్ని మోగించే వాళ్లు మాత్రం ఉత్త ‘మేళం వాళ్లు’.

డోలు ఆయన దగ్గరికి పోయి, "అన్నా, మీ పేరేంది?" అని అడిగినా.
డోలు ఆపి ఒక్క క్షణం నా వైపే చూసినాడు. చెప్పి, నవ్వినాడు. పక్కాయన పేరు కూడా తనే చెప్పినాడు, ఎంత గౌరవంగానో.
ఆ నవ్వు ఇంకా కళ్లలోనే ఉంది.

మీ ఇంటి పెళ్లిలో మేళం వాయించిన వాళ్ల పేర్లు మీకు గుర్తున్నాయా? ఉంటే కింద రాయండి. చదవాలనుంది.