పుదుచ్చేరి ఒడ్డున ఉప్పు లెక్క

కార్తీకమాసంలో ఒక తెల్లవారుజామున మేము నలుగురు సహోద్యోగులం పుదుచ్చేరి చేరుకొన్నాము. వాహనాల సందడి లేని సముద్రతీర వీథిలో, 1836 నాటి పాత దీపస్తంభం, గాంధీజీ విగ్రహం దాటి ఉత్తరంగా నడిచి, జాలరుల పేట అయిన వైత్తికుప్పం చేరాము. అక్కడ వల బాగుచేసుకొంటున్న ఒక పెద్దాయనను, మాలో తమిళం తెలిసిన మిత్రుడు పలకరించాడు. “ఈ రోజుల్లో నీరు ఉత్తరం నుండి వస్తుంది సార్, ఉప్పు తగ్గుతుంది” అన్నాడాయన. ఆ ఒక్క మాట మా విహారయాత్రను విజ్ఞానయాత్రగా మార్చివేసింది.

ఆయన మాట అక్షరసత్యం. వర్షాకాలంలో గంగా, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరులు బంగాళాఖాతంలో కుమ్మరించే మంచినీరు, వర్షాకాలం ముగియగానే తీరప్రవాహంతో కలిసి దక్షిణానికి సాగుతుంది. దాని వెడల్పు సుమారు 100 కిలోమీటర్లు. శాస్త్రజ్ఞులు దానిని ‘సముద్రంలోని నది’ అన్నారు. పుదుచ్చేరి పాలనలోనే ఉన్న యానాం గోదావరి ఒడ్డున, ఇక్కడికి సూటిగా కొలిస్తే దాదాపు 600 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఆ రెండు ఊళ్ళనూ పాలనతోపాటు ఈ నీరు కూడా కలుపుతున్నదని తెలిసి, తెలుగువారమైన మాకు ఎంతో ముచ్చట కలిగింది.

ఈ ఉప్పును ఆకాశం నుండి కొలవడం ఎట్లా? ప్రతి వస్తువువలె సముద్రం కూడా సూక్ష్మతరంగాలను వెలువరిస్తుంది. 21 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద, నీటిలో లవణం పెరిగినకొద్దీ ఆ ప్రసారం కొంచెం తగ్గుతుంది. ఐరోపా వారి స్మాస్ 2009లోను, అమెరికా, అర్జెంటీనాల అక్వేరియస్ 2011లోను, అమెరికా వారి స్మాప్ 2015లోను ఈ సూత్రంతోనే నింగికెగిశాయి. అక్వేరియస్ 2015లో మూగబోయింది. కిలో నీటిలో ఒక గ్రాము ఉప్పు మారితే ఉపగ్రహానికి అందే సంకేతంలో వచ్చే మార్పు, వెచ్చని సముద్రంలో సైతం, ఒక కెల్విన్ కన్న తక్కువే. గాలికి లేచిన అలలు, నీటి ఉష్ణోగ్రత, నక్షత్రమండలపు కాంతి వంటివన్నీ లెక్కకట్టి తీసివేసిన పిమ్మట మిగిలినదే ఉప్పు.

కనుక సరిచూడడం తప్పనిసరి. అందుకు ప్రపంచ సముద్రాలలో సుమారు 4000 ఆర్గో తేలియాడు పరికరాలున్నవి. అవి రెండు కిలోమీటర్ల లోతు నుండి పైకి వస్తూ, పది రోజులకొకసారి కొలతలు పంపుతాయి. మన దేశపు ఆర్గో సమాచారాన్ని హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ నిర్వహిస్తున్నది. అయితే ఉపగ్రహం చూచేది పైనున్న ఒక సెంటీమీటరు పొరను, ఆర్గో కొలిచేది సాధారణంగా కొన్ని మీటర్ల లోతున. వాన కురిసిన వెంటనే ఆ రెండూ ఒకటి కావు. పైగా తీరం వద్ద ఉపగ్రహానికి చిక్కు ఉన్నది. దాని ఒక్కొక్క చూపు సుమారు 40 కిలోమీటర్ల మేర పరచుకొంటుంది. సముద్రం కన్న ఎంతో ఎక్కువగా ప్రసారం చేసే నేల అందులో చొరబడుతుంది. తీరపు లోతు తక్కువ నీటిలో ఆర్గోలు పనిచేయవు. అనగా మేము నిలుచున్నచోట నింగి కన్నూ లేదు, నీటి కన్నూ లేదు!

ఆ లోటును తీర్చినవారు జాలరులే. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ 2005 మే నుండి, దేశతీరం వెంబడి 8 చోట్ల, ఐదు రోజులకొకసారి, మోకాటి లోతు నీటిని సీసాలలో పట్టించింది. ఆ నీటినీ నడిసముద్రపు నీటితో పోల్చి, నమ్మదగినదని తేల్చుకొన్న తరువాతనే 2014లో ‘సముద్రంలోని నది’ని లోకానికి చాటారు. ఉత్తరాన లవణీయత కిలోకు 10 గ్రాములకు పైగా పడిపోతుందనీ, ఆ మార్పు దక్షిణపు కొసకు చేరడానికి రెండున్నర నెలలు పడుతుందనీ తేలింది.

ఈ లెక్క వినోదానికి కాదు. పైనున్న తేలిక నీరు మూతవలె నిలిచి, అడుగునున్న చల్లని నీటిని పైకి రానీయదు. అట్టిచోట తుపానుకు వేడి తరగకపోవచ్చును. 2011 డిసెంబరు 30న ‘థానే’ తుపాను తాకినది కడలూరు, పుదుచ్చేరుల మధ్యనున్న ఈ తీరాన్నే.

మాకు మా పాత పొరపాటు ఒకటి జ్ఞప్తికి వచ్చింది. యౌవనంలో ఒక కర్మాగారంలో, ప్రయోగశాల సీసా ఉప్పు చూపుతున్నా, నియంత్రణ గదిలోని ముల్లునే నమ్మి ఒక షిఫ్టు గడిపాము. కండెన్సరు గొట్టాలలో సముద్రపు నీరు చొరబడుతున్నదని తెలిసేసరికి, యూనిట్టును ఆపక తప్పలేదు. ఆనాడు ముల్లుదే తప్పు. దానిని సరిచూడని తప్పు మాది.

పెద్దాయనకు నమస్కరించి బయలుదేరేముందు, మేమూ మోకాళ్ళ లోతు నీటిలో దిగి దోసెడు నీరు పుచ్చుకొన్నాము. అందులో మన గోదావరి పాలెంతో గాని!