పొద్దుటి గీత

మా విస్సన్నపేటలో మైకులో ఘంటసాల గారి భగవద్గీత వినపడితే చాలు, "అయ్యో, ఎవరు పోయారో!" అంటూ వీధిలోకి వస్తాం. ఇంట్లో పెడితే "అపశకునం, కట్టేయండి" అనేవాళ్ళూ ఉన్నారు.

మామయ్యగారు మాత్రం రోజూ పెట్టేవారు. కాఫీ తాగుతూ కేసెట్టు ఒకవైపంతా విన్నాకే మామిడితోటకి బయల్దేరేవారు. శ్లోకం పాడి, వెంటనే తెలుగులో తాత్పర్యం చెప్పే ఆ గొంతంటే ఆయనకి ప్రాణం. "మన కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టినాయనమ్మా! 1974లో పోయాడు, యాభై రెండేళ్ళైనా నిండలేదు" అని నాకు ఎన్నిసార్లు చెప్పారో!

ఆయన పోయిన రోజున ఇంటి ముందు అదే గీత పెట్టారు. ఆ తర్వాత అత్తయ్యగారు ఆ కేసెట్ల పెట్టె తెరవనివ్వలేదు. రెండేళ్ళు గడిచాయి.

మొన్న వేసవిలో ఇద్దరం చిన్న రసాలు గడ్డిలో మాగేస్తున్నాం. మా చిన్నవాడు ఫోన్‌లో ఏదో నొక్కబోతే ఆ గీతే మోగింది. నేను గబుక్కున ఆపబోయాను.

"ఉండనీ అమ్మా" అన్నారు అత్తయ్యగారు. కాసేపు విని, "ఇక్కడికొచ్చేసరికి మీ మామయ్యగారు కాఫీ గ్లాసు కింద పెట్టేసేవారు" అన్నారు. చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

మర్నాటి నుంచి మా ఇంట్లో పొద్దున్నే మళ్ళీ గీత మొదలైంది. మొదటిరోజు పక్కింటివాళ్ళు కంగారుగా పరుగెత్తుకొచ్చారు. అత్తయ్యగారే వాళ్ళని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు.