ఎవరి గొంతుకి శ్రుతి?



ఈమధ్య మన హాస్టళ్ళలో గిటార్లు కనిపిస్తున్నాయి. స్కాలర్‌షిప్ పడగానే కొన్నవాళ్ళున్నారు, నలుగురు చందాలేసుకుని సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చుకున్నవాళ్ళున్నారు. మంచిదే. కానీ ఆరు నెలలు తిరక్కుండానే అది మంచం కిందకి పోతోంది. ఏమైందిరా అంటే, "అన్నా, సినిమా పాటలు వస్తున్నాయి గానీ మన పాటలు దీనిమీద రావట్లేదు" అంటున్నారు. లోపం మీ వేళ్ళలో లేదు. చాలాసార్లు అది తీగలు కట్టిన తీరులో ఉంటుంది. ఇవాళ దాని గురించే. నేనేం పెద్ద వాయిద్యగాణ్ణి కాను. నలభై దాటాక పట్టుకున్నాను, రెండేళ్ళవుతోంది. కాబట్టి ఇది మొదలుపెట్టినవాడు మొదలుపెట్టేవాళ్ళకి చెప్పే మాట అనుకోండి.

మన పేటల్లోకి గిటార్ ఎక్కువగా చర్చి గుమ్మంలోంచి వచ్చింది. క్వయర్‌లో కీబోర్డు పక్కన నిలబడి నేర్చుకున్న కుర్రాళ్ళే ఏప్రిల్ 14 సభలకి కూడా వాయిస్తారు. మా వైపూ అంతే. మా వీధిలో ఒక పిన్ని ఉంది. పారిశుధ్యం పని. తెల్లారి నాలుగింటికి చీపురు పట్టుకుని బయల్దేరే మనిషి, సాయంత్రం పాటెత్తితే మైకు అక్కర్లేదు. పాతికేళ్ళుగా మా సభలన్నిటికీ ఆమే పాడేది. గిటార్ కుర్రాళ్ళు చేరాక కథ మారింది. వాళ్ళకి వచ్చినవి నాలుగైదు కార్డులు. వాళ్ళ గొంతులకి బాగుందని రెండో ఫ్రెట్ మీద కేపో బిగించి 'ఈ' శ్రుతిలో ఎత్తుకునేవారు. పిన్నికి పల్లవి పర్వాలేదు, చరణంలో పై పంచమం దగ్గరకొచ్చేసరికి గొంతు పగిలేది. రెండు మూడు సభలు అలాగే లాక్కొచ్చింది. తర్వాత, "నా గొంతు మీ డబ్బాకి అందట్లేదు బాబూ, మీరే పాడుకోండి" అని వెనక కుర్చీలో కూర్చుంది. ఆమె పాడే పాటలు కాగితం మీద లేవు. ఆమె నోరు మూసుకుంటే ఆ చరణాలు కూడా అక్కడితో సరి.

నేను గిటార్ పట్టుకున్నది దీని తర్వాతే. ఊళ్ళో ఒక క్లాసులో చేరాను. పేరెందుకులెండి. మొదటిరోజే మాస్టారు ఇంటిపేరు అడిగి, ఊరడిగి, ఊళ్ళో ఏ వైపో అడిగి తెలుసుకోవాల్సింది తెలుసుకున్నాడు. నెల పోయాక, తీగలు కిందకి దించి కట్టుకోవచ్చా అని నేనడిగితే, "ముందు స్టాండర్డ్ రానివ్వండి, వేషాలు తర్వాత" అన్నాడు. ఏ పాటలకో చెప్పాను. "వాటికి గిటార్ ఎందుకండీ, డప్పు చాలదూ?" అన్నాడు. మర్నాటి నుంచి వెళ్ళలేదు.

డప్పు మాట ఆయనే ఎత్తాడు కాబట్టి అక్కడి నుంచే చెప్తాను. డప్పుని మంట దగ్గర కాచకుండా ఎవరైనా వాయిస్తారా? తోలు బిగుసుకునే దాకా కాచి, వేలితో కొట్టి విని, చాలకపోతే మళ్ళీ కాస్తాం. పాటని బట్టి, గాలిలో తేమని బట్టి శ్రుతి అప్పటికప్పుడు తేలుతుంది. మన ఉత్తరాంధ్ర జముకు చూడండి. ఒకటే తీగ, దాన్ని చేత్తో లాగితే శ్రుతి పైకి, వదిలితే కిందకి. కథ చెప్పేవాడి గొంతు ఎటు పోతే తీగ అటు పోతుంది. నాగర్‌కర్నూలు వైపు డక్కలి కళాకారుడు దర్శనం మొగులయ్యకి 2022లో పద్మశ్రీ ఇచ్చారు, ఆయన పన్నెండు మెట్ల కిన్నెరకి. గిటార్ మీద ఫ్రెట్ అంటున్నదాన్నే మనవాళ్ళు మెట్టు అన్నారు. నేనూ ఇక్కడి నుంచి మెట్టు అనే అంటాను.

పోనీ శాస్త్రీయం వాళ్ళ సంగతి? వయొలిన్ ఐరోపా నుంచి వచ్చింది. అక్కడ దాని నాలుగు తీగలు జీ, డీ, ఏ, ఈ. 19వ శతాబ్దం మొదట్లో బాలుస్వామి దీక్షితులు కాలంలో అది కర్ణాటక సంగీతంలోకి వచ్చింది. ఇవాళ దాని తీగల్ని స ప స ప అని కడతారు, అదీ పాడేవారి షడ్జమాన్ని బట్టి. ద్వారం వెంకటస్వామినాయుడు గారు పెరిగింది ఈ విశాఖపట్నంలోనే, విజయనగరం సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా చేశారు. ఆయన వయొలిన్ ట్యూనింగ్ స్టాండర్డ్ కాదని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. పాలకొల్లు శ్రీనివాస్ మాండొలిన్‌కి జంట తీగలు తీసేసి ఒంటి తీగలు కట్టుకున్నాడు. కచేరీ వేదిక మీద తీగ మారిస్తే సంప్రదాయం, పేటలో మారిస్తే వేషమా?

సముద్రం అవతల కూడా ఇదే తంతు. 1830ల్లో మెక్సికో నుంచి పశువుల్ని కాసేవాళ్ళు హవాయి దీవులకి గిటార్లు తెచ్చారు. అక్కడి జనం తీగల్ని వదులు చేసి తమ పాటలకి సరిపెట్టుకున్నారు. మిసిసిపీ పత్తి చేలల్లో నల్లవాళ్ళు ఆరు తీగల్నీ ఒకే కార్డుకి కట్టి, సీసా మెడనో చాకునో తీగ మీద జార్చి బ్లూస్ వాయించారు. సన్ హౌస్, రాబర్ట్ జాన్సన్ రికార్డులు యూట్యూబ్‌లో ఉన్నాయి, వినండి. 1972లో బొంబాయిలో దళిత పాంథర్స్ అని పేరు పెట్టుకున్నప్పుడు ఆ పేరు అటు నుంచే వచ్చింది. వాళ్ళ గిటార్ మాత్రం మనం ఇంకా సరిగ్గా వినలేదు.

ఇప్పుడు పనిలోకి వద్దాం.

మామూలు కట్టులో లావు తీగ నుంచి సన్న తీగకి ఈ, ఏ, డీ, జీ, బీ, ఈ. దీనిమీద నాకు కోపం లేదు. అటు కార్డులకీ ఇటు స్వరాలకీ వేళ్ళు అందేలా కుదిరిన ఏర్పాటు. కానీ అది ఒక ఏర్పాటు, అంతే. ఆ మాటకొస్తే 'ఏ' అంటే సెకనుకి 440 కంపనాలన్నది కూడా 1939లో లండన్‌లో కూర్చుని ఒప్పుకున్న లెక్క. 1975లో ఐఎస్ఓ 16 అనే ప్రమాణంగా వచ్చింది. అవును, మన ఫ్యాక్టరీ గేట్ల మీద బోర్డుల్లో కనిపించే ఐఎస్ఓనే. అంతకుముందు ఫ్రాన్సులో అది 435.

మొదట నేర్చుకోవాల్సిన కట్టు డీ, ఏ, డీ, జీ, ఏ, డీ. ఇంగ్లిష్ గిటారిస్టు డేవీ గ్రాహం 1960ల్లో ప్రచారంలోకి తెచ్చాడు, మొరాకో వెళ్ళొచ్చాక. స్వరాల్లో చెప్పుకుంటే ఇంకా తేలిక: స ప స మ ప స. మామూలు కట్టు నుంచి మూడే తీగలు దించాలి, మూడూ రెండేసి మెట్లు. మెషీన్ లేకుండా చెవితో చేయండి. పన్నెండో మెట్టు ఇనప కడ్డీకి సరిగ్గా పైన తీగని వేలితో ఊరికే తాకి మీటి, వెంటనే వేలు తీసేస్తే గంటలాంటి పలుకు వస్తుంది. నాలుగో తీగ మీద ఆ పలుకు తెచ్చి, సన్న ఈ తీగని దానితో కలిసేదాకా దించండి. ఐదో తీగ పలుకుతో రెండో తీగని కలపండి. లావు తీగకి మాత్రం తిరగేయాలి. లావు తీగ మీద పలుకు తెచ్చి, అది ఉత్త నాలుగో తీగతో కలిసేదాకా దించాలి. రెండు తీగలు దగ్గరికొస్తుంటే వూఁ వూఁ అని ఒక అల వినిపిస్తుంది. అల నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ ఆగిపోయిన చోట ఆగండి. ఆ అల వినడం వస్తే ఫోన్‌లో ట్యూనర్‌తో పని తక్కువ. నాకు మూడు వారాలు పట్టింది.

రెండు జాగ్రత్తలు. తీగని కావలసినదానికంటే కొంచెం కిందకి దించి, అక్కడి నుంచి పైకి బిగిస్తూ రండి. దించి వదిలేస్తే తీగ మెడ చివర గాడిలో చిక్కుకుని, రెండు పాటలయ్యేసరికి జారిపోతుంది. ఆ గాడిలో పెన్సిల్ ముల్లు పొడి కాస్త రాస్తే తీగ పట్టెయ్యదు. ఇక అన్ని తీగలూ అయ్యాక మళ్ళీ మొదటి నుంచి చూసుకోవాలి. ఆరు స్టీలు తీగలూ కలిసి మెడని డెబ్బై కిలోలకి పైగా బరువుతో లాగుతుంటాయి. ఒక తీగ రెండు మెట్లు దిగితే దాని లాగుడు ఐదో వంతు తగ్గుతుంది. మెడ కాస్త కదిలి మిగతా తీగలు పైకెక్కుతాయి. మొదటిసారి నేను బిగిస్తుంటే మా అమ్మ, "అవి తెగి కళ్ళల్లో పడతాయేటిరా, ఆపు" అని గోల. దించితే తెగవు, పైకి బిగిస్తేనే భయం. (మన ప్లాంటు వైర్ రాడ్ మిల్లులో తీగరాడ్ చుట్టలు చుట్టలుగా వస్తుంది. గిటార్ తీగ ప్యాకెట్ మాత్రం ఎక్కడో అమెరికాలో తయారై మనకి వస్తుంది. ఊరికే చెప్తున్నా.)

పిన్ని సంగతి. ఆమెని ఏ వాయిద్యం లేకుండా, పనయ్యాక, ఇంటి గుమ్మంలో కూర్చోబెట్టి పాడించి ఫోన్‌లో రికార్డు చేశాను. ఆమె షడ్జమం 'సీ' కంటే కాస్త పైన, 'సీ షార్ప్' కంటే కింద తేలింది. పుస్తకంలో ఆ చోటుకి పేరు లేదు. కేపో పెడితే శ్రుతి పైకే పోతుంది, కిందకి రాదు. అంచేత స ప స మ ప స కట్టునే మొత్తంగా ఆమె షడ్జమం దాకా దించాను. మామూలు తీగలైతే అంత దించాక బుర్రుబుర్రుమంటాయి, ఒక సైజు లావు సెట్ వేయాల్సొచ్చింది.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. పిన్ని పాటలో గాంధారం ఒకచోట నిలబడదు. ఎక్కేటప్పుడు ఒకచోట, దిగేటప్పుడు ఇంకోచోట, ఏడుపొచ్చే మాట దగ్గర ఆ రెంటికీ మధ్యలో. మేజర్ కార్డు వేస్తే అందులో పెద్ద గాంధారం ఉంటుంది, మైనర్ వేస్తే చిన్నది. రెండూ ఆమె మెడ మీద కూర్చుంటాయి. "పిన్ని శ్రుతి తప్పుతోంది" అని కుర్రాళ్ళు అన్నది ఇక్కడే. తప్పుతున్నది కార్డు. మన కొత్త కట్టులో ఉత్త తీగల్లో గాంధారమే లేదు. ఉత్త తీగలు మోగిస్తూ ఉంటే కింద నేల ఉంటుంది, ఆమె తన గాంధారాన్ని తన ఇష్టమొచ్చిన చోట పెట్టుకుంటుంది. మొదటిసారి అలా మోగించినప్పుడు పిన్ని ఏమీ అనలేదు. మూడో పాటలో, మేం ఎప్పుడూ వినని చరణం ఒకటి పాడింది. "ఇదెక్కడిది పిన్నీ?" అంటే, "ఉన్నదే బాబూ, ఎప్పుడూ అక్కడిదాకా రానిచ్చారేటి?" అంది.

చేతి సంగతి కూడా చెప్పాలి. నాకు తమ్ముడి వరస కుర్రాడొకడు, కాంట్రాక్టు పని చేసేచోట ప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్ళు మడత పడకుండా పోయాయి. వాడికి గిటార్ పిచ్చి. టోనీ అయోమీ కథ వాడికి చెప్పాను. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీ కార్మికుడు, పదిహేడేళ్ళప్పుడు మెషీన్‌లో రెండు వేళ్ళ కొసలు పోయాయి. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు, సన్నతీగలు వేసుకున్నాడు. 1971 నాటి మాస్టర్ ఆఫ్ రియాలిటీ రికార్డుకి గిటార్‌ని మూడు మెట్లు దించాడు, వదులు తీగ నొప్పి వేళ్ళకి తేలిక కాబట్టి. ఇవాళ ప్రపంచమంతా హెవీ మెటల్ అని ఊగుతున్న ఆ బరువైన శబ్దం వెనక ఒక కార్మికుడి తెగిన వేళ్ళున్నాయి.

మావాడికి ఓపెన్ డీ కట్టాం. పైన చెప్పిన కట్టులో మూడో తీగ జీని ఒక్క మెట్టు దించితే చాలు. నాలుగో తీగ నాలుగో మెట్టు నొక్కి దానితో కలపండి. ఇప్పుడు అది స ప స గ ప స. ఉత్తగా మీటితేనే కార్డు. హార్డ్‌వేర్ షాపులో స్టీలు పైపు ముక్క కొని, అంచులు ఆకురాయితో అరగదీసి, చిటికెన వేలికి తొడిగాడు. తీగల్ని కిందకి నొక్కకూడదు, ఆనించాలంతే, అదీ మెట్టు కడ్డీకి సరిగ్గా పైన, వెనక కాదు. ఐదో మెట్టు దగ్గర మధ్యమం కార్డు, ఏడో దగ్గర పంచమం కార్డు, పన్నెండో దగ్గర మళ్ళీ పై షడ్జమం. ఒక్క పైపు ముక్కతో మూడు కార్డులు. సభల పాటల్లో సగం ఈ మూడింటితో నడుస్తాయి. అన్నట్టు ఈ కట్టులో గాంధారం గట్టిగా ఉంటుంది, పిన్ని పాటకి పనికిరాదు. వాడి పాటలు వేరు, ఆమె పాటలు వేరు.

అదే ఇప్పుడు చిక్కు. మా దగ్గర ఉన్నది ఒకటే గిటార్. పిన్ని పాటయ్యాక వాడికి కట్టి, వాడిదయ్యాక మళ్ళీ దించి, సభలో జనం కూర్చుని ఉండగా ఐదేసి నిమిషాలు కీస్ తిప్పుతూ నిలబడుతున్నాను. పైగా సముద్రపు గాలికి తీగలు నెలకే తుప్పు పడుతున్నాయి, వాయించాక పొడి నూలుగుడ్డతో తుడిచి పెట్టమని కుర్రాళ్ళకి పదేపదే చెప్తున్నా. మీలో ఎవరి మంచం కిందనైనా గిటార్ ఊరికే పడుంటే ఇవ్వండి. బాడీకి గీతలున్నా, తీగలు లేకపోయినా ఫర్వాలేదు. మెడ వంగకుండా ఉండి, కీస్ ఆరూ తిరిగితే చాలు. గాజువాక అయినా, పాత పోస్టాఫీసు వైపయినా మేమే వచ్చి తీసుకెళ్తాం.