పెరట్లో మత్తడి

ఆక్వాపోనిక్స్ అంటే ఏమిటో మా అమ్మకు చెప్పడానికి ఒక్క నిమిషం చాలింది. "చేపల తొట్టి నీళ్లు మొక్కలకు పోతయమ్మా. మొక్కల కాడ తేటబడి మళ్ల చేపలకే వస్తయి" అన్నాను. "గంతేనా, చెరువే గద బిడ్డా" అంది. మునుగోడు దిక్కు పల్లెలో, చెరువు కింద పొలం చేసిన ఇంట్లో పెరిగిన మనిషి. ఎండాకాలంలో చెరువు ఎండితే ఒండ్రుమట్టిని బండ్లకెత్తి పొలాలకు తోలిన కాలం ఆమెకు తెలుసు. చేపలు వదిలింది, పశువులు తొక్కింది, వాన కొట్టుకొచ్చింది అంతా ఆ మట్టిలోనే ఉండేది. పైరుకు అదే బలం. నేను కట్టబోయేదీ అదే. కాకపోతే తూము దాటి ఆయకట్టుకు పోయిన నీళ్లు చెరువుకు తిరిగి రావు, ఇక్కడ వస్తాయి. బత్తాయి తోటలను బతికించుకోవడానికి రైతులు ట్యాంకర్లతో నీళ్లు తోలిన నల్లగొండలో, పోయిన నీళ్లు తిరిగి రావడమనే ఆ ఒక్క మాట నన్ను పట్టుకుని వదల్లేదు.

చేపలకు వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకు. రెండు నీలం డ్రమ్ములను నిలువునా కోయిస్తే మొక్కలకు నాలుగు తొట్లు. వాటిలో అడుగు లోతు కంకర, నీళ్లు ఎక్కించడానికి చిన్న మోటరు. సామానంటే ఇంతే. కంకర దగ్గర మాత్రం తొందరపడకూడదు. మన దగ్గర రెండు రకాల రాయి దొరుకుతుంది. చుట్టూ గుట్టల్లో ఉన్నది గ్రానైటు. కృష్ణ ఒడ్డు వైపు సిమెంటు ఫ్యాక్టరీలను నడిపించేది సున్నపురాయి. సున్నపురాయి నీళ్లలో మెల్లగా కరుగుతూ పీహెచ్‌ను దిగనివ్వదు. పీహెచ్ దిగకపోతే నీళ్లలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. లేత ఆకుల్లో ఈనెలు ఆకుపచ్చగా ఉండి, మధ్య భాగమంతా పసుపు తిరుగుతుంది. అందుకే క్రషర్ దగ్గర పిడికెడు రాళ్లు తీసుకుని, వాటిమీద నిమ్మకాయ పిండి చూశాను. నురగ రాలేదు. ఆ కుప్పలోంచే తెచ్చుకున్నాను.

రాయి విషయంలో అంత జాగ్రత్తపడ్డవాణ్ని చేపల విషయంలో పడలేదు. మోటరు తిరిగిన మూడో రోజే అరవై రవ్వ పిల్లలను తెచ్చి వదిలాను. వారం తిరిగేసరికి నలభై పోయాయి. నీళ్లు అద్దంలా ఉన్నాయి, వాసన లేదు, మేత వేస్తే తిన్నాయి. అయినా ప్రతి పొద్దునా ఐదారు తేలేవి. అరచేతిలో పెట్టుకుంటే చింతాకంత మొప్పలు. చేసింది నేనేనని తెలుస్తూనే ఉంది, ఏం చేశానో మాత్రం తెలియలేదు.

చుక్కల మందుతో నీళ్లు పరీక్ష చేస్తే తెలిసింది. చేప వదిలే అమ్మోనియా చేపకే విషం. కంకరకు పట్టుకుని బతికే ఒక జాతి సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగా మారుస్తాయి, అదీ విషమే. ఇంకో జాతి ఆ నైట్రైటును నైట్రేటు చేస్తుంది. అది మొక్కకు అన్నం. ఈ రెండు జాతులూ కంకర నిండా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పైగా నీళ్లు ఎంత వేడెక్కితే, పీహెచ్ ఎంత పెరిగితే అమ్మోనియా అంతగా చంపుతుంది. నేను మొదలుపెట్టింది ఏప్రిల్‌లో, బోరు నీళ్లతో. "ఎసరు మసలకముందే బియ్యం పోసినవ్ బిడ్డా" అంది అమ్మ. అంతకంటే సరిగ్గా ఎవరూ చెప్పలేరు.

మిగిలిన పిల్లలను చెరువున్న చుట్టాలింటికి పంపి, చేపల్లేని ట్యాంకులో రోజూ చిటికెడు మేత వేసి కుళ్లనిచ్చాను. పరీక్ష గొట్టంలో అమ్మోనియా ఆకుపచ్చ ముదిరింది, మెల్లగా విరిగింది. నైట్రైటు ఊదా రంగు లేచింది, అదీ తగ్గింది. ఆరో వారంలో రెండూ సున్నాకు వచ్చాయి. కంటికి కనిపించని కాపురం ఒకటి కంకరలో నిలబడింది.

అప్పటికీ సైఫన్ ఒక్కటి లొంగలేదు. కంకర తొట్టి నీళ్లతో నిండాలి, ఒక్కసారిగా ఖాళీ కావాలి, మళ్లీ నిండాలి. నిండినప్పుడు వేళ్లకు నీళ్లు, ఖాళీ అయినప్పుడు గాలి. దానికోసం తొట్టి మధ్యలో ఒక నిలువు పైపు, దానిమీద మూత బిగించిన పెద్ద పైపు బోర్లించి పెడతారు. నా తొట్లో నీళ్లు నిండేవి, నిలువు పైపు అంచు మీదుగా సన్నగా కారేవి, అక్కడే ఆగిపోయేవి. రోజులు గడుస్తున్నా తొట్టి ఖాళీ అయ్యేది కాదు.

మా బావది కొత్తకోట. నా గోడు విని, "సరళాసాగర్ జూసినవా?" అన్నాడు. పేరు విన్నాను కానీ చూడలేదు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, ఇప్పటి వనపర్తి జిల్లా మదనాపురం దగ్గర, వనపర్తి సంస్థానం వాళ్ల చొరవతో మొదలై 1959లో పూర్తయిన ప్రాజెక్టు అది. వరద వదలడానికి గేట్లెత్తే మనిషితో పని లేదు. నీళ్లు నిండు మట్టానికి రాగానే సైఫన్లు వాటంతటవే అందుకుంటాయి. మట్టం దిగి లోపలికి గాలి దూరగానే వాటంతటవే ఆగుతాయి. అవి పారితే ఊకచెట్టు వాగు పొంగి, మదనాపురం, ఆత్మకూరు మధ్య రాకపోకలు ఆగిపోతాయి. 2019 డిసెంబరు 31న మట్టికట్ట తెగి ప్రాజెక్టు ఖాళీ అయింది, తర్వాత మళ్లీ కట్టారు. నేను వెళ్లినప్పుడు నీళ్లు తక్కువ, సైఫన్లు పారడం లేదు. అదే మేలైంది. వాటి వంపు నింపాదిగా కనిపించింది. అంచు మీద కప్పు, కప్పు కింద ఇరుకు దారి. అంచు దాటే నీళ్లు పలచగా ఉంటే పక్కనుంచి గాలి వస్తూనే ఉంటుంది. మందంగా దుంకితే లోపలి గాలిని తమతో పాటు ఈడ్చుకుపోతాయి. గాలి పోయిన చోటికి వెనకనుంచి నీళ్లు ఎగబాకుతాయి. అక్కడి నుంచి ఆగడం ఉండదు.

నా పైపులో నీళ్లు దుంకడం లేదు, జారుతున్నాయి. తిరిగొస్తూ పైపుల దుకాణంలో రెండించుల నుంచి ఒక ఇంచుకు దిగే రెడ్యూసర్ కొని, నిలువు పైపు నెత్తిన గరాటులా బిగించాను. దిగువ మూతికి ఒక ఎల్బో. గరాటు నిండా నీళ్లు చేరి మధ్యలోకి ఒక్కసారే పడ్డాయి. గుటగుటమని చప్పుడు, ఆ వెంటనే బుస్సుమని ధార. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి "మత్తడి దుంకింది!" అంది, చెరువు నిండి అలుగు పారినప్పుడు అనే మాట. మా ఇంట్లో సైఫన్ పేరు ఆ రోజు నుంచి మత్తడే.

ఇక నీళ్ల సంగతి. నల్లగొండలో దీన్ని దాటేసి ఎవరూ ఏదీ రాయకూడదు. బోరు నీళ్లలోని ఫ్లోరైడు మర్రిగూడ, నాంపల్లి దిక్కు ఎన్ని నడుములు వంచిందో మనకు పుస్తకాలు చెప్పనక్కర్లేదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి ప్రపంచమంతటా మన ఊరి పేరే ఉంది, 'నల్లగొండ టెక్నిక్' అని. నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించారు. పెరటి తొట్టికి దీంతో సంబంధం ఉంది. తిరిగే నీళ్లలోంచి ఎండకు ఆవిరయ్యేది నీళ్లే, ఫ్లోరైడూ ఉప్పూ తొట్లోనే ఉంటాయి. తగ్గినంతా బోరు నీళ్లతో నింపుతూ పోతే అవి పేరుకుంటాయి. చేపా కూరా తినేది మన పిల్లలే. అందుకని నేను వాన నీళ్లు పట్టడం మొదలుపెట్టాను. వంద చదరపు మీటర్ల స్లాబు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు, అంటే నా ట్యాంకు నిండా. వాన లేని నెలల్లో నల్లా నీళ్లను రెండు రోజులు బయట నిలవ పెట్టి, క్లోరిన్ పోయాక పోస్తాను. లేకపోతే ఆరు వారాల కాపురం ఒక్క పూటలో పోతుంది. కరీబియన్‌లోని సెయింట్ క్రాయ్ దీవిలో జేమ్స్ రాకోసీ అనే శాస్త్రవేత్త ఆక్వాపోనిక్స్‌ను ఏళ్ల తరబడి సాగు చేసి నిలబెట్టాడు. అక్కడా మంచినీళ్ల కరువే, అక్కడా ఇంటి కప్పు మీది వానను తొట్టెల్లో దాచుకుంటారు. కరువు సీమలోనే ఇది ఎదగడంలో వింతేమీ లేదు.

రెండోసారి కొర్రమీను పిల్లలను తెచ్చాను. తెలంగాణ రాష్ట్ర చేప అన్న మురిపెం ఒకటి. పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి కరెంటు పోయినా తట్టుకుంటుందన్నది అసలు కారణం. ఒకే సైజు పిల్లలను చూసి వేయాలి, లేకపోతే పెద్దది చిన్నదాన్ని మింగుతుంది. పైన వల కప్పాలి, లేకపోతే ఎగిరి బయట పడుతుంది. వెయ్యి లీటర్లలో పది కిలోలకు మించి పెంచదలచుకోలేదు. మేత లెక్క మొక్కల వైపు నుంచి చూసుకోవాలి. ఆకుకూరలకైతే చదరపు మీటరుకు రోజుకు 40 నుంచి 50 గ్రాముల మేత సరిపోతుంది. పాలకూర, పుదీన, కొత్తిమీర బాగా వస్తున్నాయి. పుంటికూర అమ్మ కోరిక మీద వేసింది, అదీ లేచింది.

ఎండాకాలం అమ్మ పెరట్లోనే మంచం వేసుకుంటుంది. పావుగంటకోసారి మత్తడి దుంకుతుంది, ఆ చప్పుడుకు ఆమె కదలదు. వాళ్ల ఊళ్లో చెరువు నీళ్లు వదిలే నీరటి కూడా అంతేనట, తూము పారుతుంటే కట్ట మీదే నిద్రపోయేవాడట. మొన్న అర్ధరాత్రి కరెంటు పోయింది. నాకు తెలియలేదు. ఆమె లేచి వచ్చి తలుపు తట్టింది.

"బిడ్డా, మత్తడి చప్పుడు లేదు. లెవ్వు."